మన పొలములపై తిరుగు తెల్ల సీతాకోకచిలుకలు

తొలకరి వానలు పడి నేల చల్లబడినది మొదలు కార్తికము వఱకు మన పెదకూరపాటి చుట్టుపట్ల డొంకల వెంబడిని, ప్రత్తిచేల మీదను, చెఱువు కట్టల క్రింద తడిమట్టి మీదను తెల్ల సీతాకోకచిలుకలు గుంపులుగా తిరుగుట రైతు సోదరులందఱు నెఱిగినదే. కొన్ని యేండ్ల యందు ఇవి యొకే దిక్కునకు ముఖముపెట్టి, తెల్లవాఱి ఎండ యెక్కినది మొదలు సాయంకాలము వఱకు తెగకుండ చేలను దాటిపోవుచుండును. వీనిని చూచి కొందఱు సభ్యులు, "ఇవి గ్రుడ్లు పెట్టుటకు వచ్చినవి, పదిదినములలో చేనంతయు పురుగుపట్టును, ఏ మందు కొట్టవలెను?" అని మమ్ము అడుగుచుందురు.

ఏ మందును కొట్టనక్కఱలేదు. ఇదియే మా సమాధానము. అయితే ఒక్క మాట చెప్పినంతమాత్రమున రైతునకు నమ్మిక కలుగదు. కలుగకపోవుటయే న్యాయము. చెప్పినవారి మాట తప్పినచో పోవునది చెప్పినవారి పంట కాదు గదా. కనుక ఈ తెల్లరెక్కల పురుగు లెక్కడ పుట్టును, పిల్లగా నున్నప్పుడు ఏమి తినును, వీనిని గూర్చిన భయ మెచ్చట నుండి వచ్చెను అను సంగతులను ఇచ్చట కొంత విపులముగా వ్రాయుచున్నాము.

భయమునకు మూలము లేకపోలేదు. ఐరోపా ఖండమున క్యాబేజీ తోటలను నాశనము చేయు తెల్ల సీతాకోకచిలుక యొకటి కలదు. స్వీడను దేశపు ప్రకృతిశాస్త్రజ్ఞుడు లిన్నేయసు 1758లో దీనికి శాస్త్రీయ నామము పెట్టెను. నేడు దానిని పియరిసు బ్రాసికే యని వ్యవహరింతురు. తెల్లని రెక్కలు, ముందు రెక్కల కొనలు నలుపు, ఆడుదానికి ముందు రెక్కపై రెండేసి నల్లని మచ్చలు. దీని జన్మక్రమము వ్యవసాయ విద్యార్థులు చదువు పుస్తకము లన్నిటిలోను బొమ్మలతో కన్పడును. ఆ బొమ్మను చూచినవాడు మన చేనిలో తెల్లనిది ఎగురగానే అదియే యిది యనుకొనుట సహజము.

ఆ పురుగు కథ యిట్లుండును. ఆడుది క్యాబేజీ ఆకు అడుగున యాబది మొదలు తొంబది వఱకు పసుపుపచ్చని గ్రుడ్లను ఒకేచోట, మొక్కజొన్న కండెపై గింజలవలె నిలువుగా పేర్చి పెట్టును. వెచ్చని దినములలో 3 మొదలు 7 దినములకు, చలిదినములలో 11 మొదలు 17 దినములకు గ్రుడ్లు పగిలి పిల్లపురుగులు బయటపడును. మొదట అన్నియు ఒకేయాకుపై నొకదాని ప్రక్క నొకటి చేరి ఆకు పైపొరను గీకి తినును. పెరిగినకొలది చెదరి ప్రక్కమొక్కలకు ప్రాకును. నాలుగుసార్లు కుబుసము విడుచును. పచ్చని యొడలిపై నల్లని చుక్కలు, నడివీపున పసుపు చార గల యీ పురుగులు ఫాల్గుణ చైత్రములలో 15 మొదలు 22 దినములును, గట్టి చలిలో 30 మొదలు 40 దినములును తిని, పిమ్మట మొక్కను విడిచి గోడమీదికో, కంచె గుంజ మీదికో ప్రాకి, నడుమునకు పట్టుదారము నొకదానిని మొలత్రాడువలె బిగించుకొని, కదలక మెదలక ప్యూపాగా మాఱును. వెచ్చని దినములలో ఒకటి రెండు వారములకు ఆ ప్యూపా పగిలి సీతాకోకచిలుక వచ్చును. ఐరోపాలో మంచు పడు నెలలన్నియు ప్యూపాగానే గడపి, వసంతమున రెక్కలు విప్పును. తిండియంతయు పిల్లపురుగుదే. రెక్కలు వచ్చిన తరువాత పూలలోని తేనె త్రాగుటయే తప్ప ఆకును కొఱుకుటకు దానికి నోరు లేదు. మన చేలపై తిరుగువాని విషయమునను ఇది గుర్తుంచుకొనదగినది.

ఈ పురుగు ఉత్తర ఆఫ్రికా మొదలు ఐరోపా యంతటను, ఆసియా మీదుగా మన హిమాలయముల వఱకును వ్యాపించియున్నది. కాశ్మీరు, హిమాచలము, ఉత్తరాఖండము, పంజాబు, ఉత్తరప్రదేశము, బీహారు మొదలగు ప్రాంతముల రైతులు దీని నెఱుగుదురు. అచ్చటను ఇది సంవత్సర మంతయు మైదానమున నిలువజాలదు. అక్టోబరు మొదలు ఏప్రిలు వఱకు మైదానములలోని క్యాబేజీ, కాలీఫ్లవరు, ముల్లంగి, ఆవ పైరులను తిని, ఎండలు ముదరగానే మఱల కొండల కెగిరిపోవును. మే నెలలో పంజాబు నేలనే భరింపజాలని పురుగు పల్నాటి రోహిణికార్తెను భరించునా? గుంటూరు, పల్నాడు జిల్లాల క్యాబేజీ మడులలో ఇది చీడగా నెలకొనియుండలేదు. దీనికి దగ్గఱ చుట్టమైన మఱియొక తెల్ల సీతాకోకచిలుక దక్షిణదేశమున నీలగిరి, పళని కొండల చల్లదనమున నున్నది గాని, అదియు మైదానమునకు దిగి పంట చెఱచునది కాదు.

అయినచో మన డొంకలపై తిరుగున వేవి? ఇక్కడనే విషయము రుచికరముగా నుండును.

1910లో వెర్షాఫెల్టు అను డచ్చి శాస్త్రజ్ఞుడు క్యాబేజీ పురుగు ఆ జాతి మొక్కలనే ఏల తినుచున్నదని పరీక్షించెను. అది ముట్టని ఆకునకు ఆవజాతి మొక్క రసమును పూసి పెట్టగా ఆశతో తినెను. ఆవపిండి నూఱినప్పుడు ముక్కున కెక్కు ఘాటే దానికి "ఇది నీ తిండి" యని చెప్పు ఆనవాలు. ఆ ఘాటు మొక్క తన్ను రక్షించుకొనుటకు చేసికొన్న విషము. తక్కిన పురుగులలో పెక్కింటికి అది హానికరము. ఈ తెల్లపురుగు కడుపులో మాత్రము ఆ విషమును మఱియొక దారి పట్టించి హానిలేని దానినిగా చేయు పదార్థ మొకటి కలదని 2004లో కనుగొనిరి. ఒకరికి విషమైనది ఒకరికి విస్తరి యయ్యెను.

ఈ ఘాటు ఆవకు, ముల్లంగికి మాత్రమే పరిమితము కాదు. మన డొంకలలోని ఉప్పిపొదలు, కంచెల కల్లుకొను ఆదొండ తీగ, చేలగట్ల వామింట, వాగుల వెంబడి పెరుగు ఉలిమిడి చెట్టు ఆవకు దూరపు బంధువులు. వీనియన్నిటి యాకులోను ఆ ఘాటుజాతి పదార్థమే యున్నది. మునగవేరును త్రుంచి వాసన చూచినవారికి అది యెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆంగ్లేయులు మన దేశమున నున్న కాలమున తమ దేశపు ఘాటు దుంపకు బదులుగా మునగవేరును తురిమి భోజనమున వాడుకొనిరి. ఐరోపాలోని తెల్ల సీతాకోకచిలుక క్యాబేజీని పట్టుకొనియుండగా, దాని దాయాదులు మన నేలలో ఉప్పిని, ఆదొండను పట్టుకొన్నవి.

వీనిలో ముఖ్యమైనది, గుంపులుగా దేశాంతరము పోవునది, శాస్త్రమున బెలెనాయిసు ఆరోటా అనబడును. తెల్లని రెక్కలు, అంచుల వెంట నల్లగోధుమరంగు ఈనెలు, అడుగువైపు లేత పసుపు. ఆఫ్రికా నుండి మన దేశము వఱకు ఉప్పిజాతి పొదలున్న పొడినేలలన్నియు దీని నివాసములే. దక్షిణ ఆఫ్రికాలోను ఇది వేలకొలది గుంపుగా నగరముల మీదుగా పోవుచుండుట ప్రసిద్ధము. దీని పిల్లపురుగు ఉప్పి, ఆదొండ ఆకులను మోడుచేయును. ప్రత్తి ఆకును గాని, మిరప ఆకును గాని, కంది, పెసర, మినుము ఆకులను గాని ముట్టదు. ఆకలితో చచ్చునే గాని ముట్టదు. దీనితో కలిసి తిరుగు మఱియొక తెల్లది, బూడిదరంగు ఈనెలు గలది, అదియు ఉప్పి కుటుంబపు తిండినే తినును.

రెండవ తెగవారు తంగేటివారు. లేత పచ్చ కలిసిన తెలుపుతో, వేగముగా, ఎత్తుపల్లముగా ఎగురు పెద్ద సీతాకోకచిలుకలు రెండు రకములు కలవు. ఆంగ్లమున వీనికి వలసపోవువారని పేరు. ఒకదాని పిల్లలు రేల, సీమతంగేడు, మోదుగ ఆకులను, రెండవదాని పిల్లలు తంగేడు, కసివింద ఆకులను తినును. పంటలలో వీనివలన నష్టపడునది ఔషధముకొఱకు వేయు నేలతంగేడు ఒక్కటియే. అది వేసిన రైతు మాత్రము వీనిని కనిపెట్టి యుండవలసినదే. తక్కినవారికి పనిలేదు. ఈ తెల్ల సీతాకోకచిలుకల వంశమున పప్పుజాతి చెట్లను తినుట మొదటి వాడుకయనియు, ఆవఘాటును జయించిన శాఖ పిమ్మట బయలుదేరినదనియు శాస్త్రజ్ఞులు తేల్చియున్నారు. కావున ఒకే డొంకలో ఒక ప్రక్క తంగేడు, రెండవ ప్రక్క ఉప్పి యున్నచో ఆ వంశపు పాత యిల్లును క్రొత్త యిల్లును ఎదురెదురుగా నున్నట్లే.

మూడవది రైతునకు ఉపకారి. పైన తెలుపు, నల్లని ఈనెలు, రెక్క అడుగున పసుపు, అంచున ఎఱ్ఱని మచ్చల వరుస గల అందమైన సీతాకోకచిలుక యిది. చెట్ల నెత్తములపై మెల్లగా ఎగురుచుండును. దీని పిల్లపురుగులు గుంపుగా నుండి మామిడి, వేప మొదలగు చెట్లకు పట్టిన బదనికను తినును. బదనికను ఇవియే మాన్పునని చెప్పము. కత్తితో కొమ్మను నఱుకక తప్పదు. కాని శత్రువును తినువానిని శత్రువని చంపుట అవివేకము.

చెఱువు బురదపై ఇవి వందలుగా వ్రాలి రెక్కలు మడిచి కూర్చుండుట చూచి, అచ్చట గ్రుడ్లు పెట్టుచున్నవని కొందఱు తలంతురు. అది నిజము కాదు. అట్లు కూర్చున్నవి చాలవఱకు మగవి. మట్టిలోని ఉప్పును నీటితో పాటు పీల్చుకొనుటకు వచ్చినవి. తేనెలో ఉప్పు లేదు గనుక పశువులు మట్టి నాకినట్లే ఇవియు చేయును.

ఇక మన పంటలను నిజముగా తినువాని తల్లు లెవ్వరు? శనగపచ్చ పురుగు, పొగాకు లద్దెపురుగు, ప్రత్తిలోని గులాబీరంగు కాయతొలుచు పురుగు, ఈ మూటి తల్లులును బూడిద, గోధుమ రంగుల రెక్కలపురుగులు. పగలు ఆకుల క్రిందను మట్టిబెడ్డల సందులను దాగియుండి రాత్రులందు తిరిగి గ్రుడ్లు పెట్టును. పగటిపూట ఎండలో తెల్లగా మెఱయుచు తిరుగున దేదియు వీనికి తల్లి కాదు. చేనిలో లింగాకర్షక బుట్టలు కట్టినవారికి ఇది ప్రత్యక్షముగా తెలియును. బుట్టలో పడున వన్నియు రాత్రి పురుగులే, తెల్ల సీతాకోకచిలుక యొక్కటియు దాని దరికి రాదు. గులాబీరంగు పురుగు విషయమున బుట్టకు రాత్రికి 8 చొప్పున వరుసగా 3 రాత్రులు పడినచో అప్పుడు మందు మాట ఆలోచింపవలెనని వ్యవసాయశాఖవారు చెప్పుచున్నారు. లెక్క బుట్టలో నున్నది గాని ఆకాశమున లేదు.

మాటలలో తెలుపు తెలుపు కలిసిపోవుటచేతను చిక్కు వచ్చుచున్నది. తెల్లదోమ సీతాకోకచిలుక కాదు, దోమయు కాదు. ఆకు అడుగున రసము పీల్చు సన్నని పురుగు. అది చేసిన చేటు మన ప్రాంతమువారు మఱువరానిది. 1980ల నడుమ గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తి రైతులు క్రొత్తగా వచ్చిన ఘాటైన పురుగుమందులను మాటిమాటికి కొట్టగా, ఆ మందులకు సాలీళ్లు, అక్షింతల పురుగులు, పరాన్నజీవి ఈగలు మొదలగు మిత్రులు చచ్చినవి, తెల్లదోమ మిగిలినది. 1987-88లో పంట పోయి అప్పు మిగిలి పలువురు రైతులు ప్రాణములు తీసికొనిరి. అప్పుడు పెదకూరపాడు గుంటూరు జిల్లాలోనే యుండెను (పల్నాడు జిల్లా 2022లో ఏర్పడినది). మఱల 2021-22లో మిరపపూలలో చేరిన క్రొత్తజాతి తామరపురుగు తోటలను పాడుచేసినప్పుడు వారము వారము మందు మార్చి కొట్టినవారును పంట దక్కించుకొనజాలకపోయిరి. అనవసరముగా కొట్టిన యొక్కొక్క డబ్బా ఎట్టి అప్పుగా మాఱునో సహకార సంఘపు పద్దు పుస్తకములు చూచువారికి తెలియును. తెల్ల సీతాకోకచిలుకను చూచి మందు కొట్టుట యనగా వచ్చిపోవు బాటసారిని చూచి ఇంటికి నిప్పు పెట్టుకొనుట వంటిది.

క్యాబేజీ, కాలీఫ్లవరు వేయు సభ్యులు ఇంతవఱకు చదివి, "మా ఆకులకు రంధ్రములు పడుచున్నవే, అది యేమి?" యని యడుగుదురు. అది తెల్ల సీతాకోకచిలుక కాదు. డైమండు వీపు రెక్కలపురుగు. 1914 నాటికే ఇది మన దేశమున గుర్తింపబడెను. పిల్లపురుగు సన్ననిది, లేతపచ్చనిది, గోరు పొడవున్నను లేకున్నను తాకినంతనే వెనుకకు మెలికలు తిరుగుచు దారమునకు వ్రేలాడును. ఈ ఆనవాలుతో పోల్చుకొనవచ్చును. మందులకు ఇది త్వరగా అలవాటుపడును గనుక బలమైన మందుతో దీనిని గెలుచుట కల్ల. బెంగుళూరు ఉద్యాన పరిశోధనాసంస్థవారు చూపిన ఉపాయము మేలైనది: 25 సాళ్ల క్యాబేజీకి 2 సాళ్లు ఆవ వేయవలెను, ఒక సాలు క్యాబేజీ నాటుటకు 15 దినములు ముందుగాను, రెండవది నాటిన 25 దినములకును చల్లవలెను. తల్లిపురుగు క్యాబేజీ కంటె ఆవనే కోరి అక్కడ గ్రుడ్లు పెట్టును. మందు వలసినచో ఆ ఆవసాళ్లకు కొట్టిన చాలును. క్యాబేజీకి నూఱు లీటర్ల నీటికి 5 కిలోల వేపగింజల పొడితో చేసిన కషాయమును ఆకు అడుగు తడియునట్లు పిచికారీ చేయవచ్చును. ఘాటు వాసనకు ఆకర్షింపబడు గుణమే ఇచ్చట దానికి ఉరియైనది.

క్యాబేజీ సీతాకోకచిలుక మన సీమకు రాలేదంటిమి. ఎన్నడును రాదని మాత్రము అనము. సరకు ప్రయాణించుచోట పురుగును ప్రయాణించును. దీని చిన్న చెల్లెలు వంటి మఱియొక తెల్లది 1860 ప్రాంతమున ఓడలలో కెనడాలోని క్విబెక్కునకు చేరి, కొలది దశాబ్దములలో ఉత్తర అమెరికా యంతటను నిండెను. 1930లో న్యూజీలాండును, ఆ దశాబ్దపు చివర ఆస్ట్రేలియాను పట్టెను. దాని నడచుటకై 1883లో అమెరికావారు ఇంగ్లండు నుండి ఒక సన్నని పరాన్నజీవి కందిరీగను తెప్పించిరి. అది పిల్లపురుగు దేహములో గ్రుడ్లు పెట్టును. దాని పిల్లలు పురుగును లోపలనే తిని, బయటికి వచ్చి పసుపుపచ్చని చిన్న గూళ్లు కట్టుకొనును. చచ్చిన పురుగు చుట్టు నున్న ఆ గూళ్లను పురుగు పెట్టిన గ్రుడ్లనుకొని ఐరోపా తోటమాలులు నలిపివేయుచుందురట. మన ప్రత్తిచేలలోను చచ్చిన లద్దెపురుగు ప్రక్కన దూదివంటి తెల్లని చిన్న గూళ్లు కనబడును. అవియు ఇట్టి మిత్రులవే. వానిని నలుపరాదు.

పెద్ద తెల్లది 2010లో న్యూజీలాండులోని నెల్సను పట్టణమున కన్పడెను. అచ్చటి ప్రభుత్వమువారు 2012 చివరను దాని వేటకు పూనుకొనిరి. ఇంటింటి పెరడును, ఒక్కొక్కదానిని పలుమార్లు, మొత్తము మీద రెండు లక్షలకు పైగా తడవలు వెదకిరి. 2013లో బడి సెలవులలో సీతాకోకచిలుక నొకదానిని పట్టి తెచ్చిన పిల్లవానికి పది డాలర్లు బహుమానమిచ్చిరి. 2014 డిసెంబరు తరువాత మఱి యొక్కటియు కన్పడలేదు. 2016లో పని ముగిసినదని ప్రకటించిరి. దేశమున నెలకొన్న సీతాకోకచిలుక నొకదానిని పూర్తిగా తుడిచివేయుట కిదియే మొదటి ఉదాహరణమని చెప్పుదురు. పెరడు తలుపు తీయమని యడిగినప్పుడు ఒక్క వీధివారు కాదనియున్నను ఆ పని సాగియుండదు.

మా మాటను పరీక్షించి చూడదలచిన సభ్యులకు, ముఖ్యముగా బడిపిల్లలు గల యిండ్లవారికి, ఒక సులభోపాయము కలదు. వానలు పడిన తరువాత డొంకలోని తంగేడు లేతచివుళ్లను పరికించినచో ఆకుపై ఒంటరిగా నిలిచియున్న తెల్లని, బియ్యపుగింజ కంటె సన్నని గ్రుడ్డు కన్పడును. ఆ రెమ్మను త్రుంచి వెడల్పు మూతి గాజుసీసాలో పెట్టి, గుడ్డ కట్టి, దినదినము క్రొత్త ఆకు వేయుచు రెట్టను తుడువవలెను. గ్రుడ్డు మొదలు రెక్కల వఱకు ఇంచుమించు మూడు నాలుగు వారములు పట్టును. నడుమ ఒకనాడు తంగేడు తీసి ప్రత్తియాకునో మిరపయాకునో వేసి చూడుడు. పురుగు దానిపై ప్రాకి, దిగి, సీసా మూలల యందు తంగేటికై వెదకును. పూట గడవక మునుపే మఱల తంగేడు వేయవలెను. లేనిచో చచ్చును. ప్యూపా పచ్చదనము పోయి లోపలి తెల్లని రెక్కలు పైకి కన్పడినచో మఱునాటి ఉదయమునకు సీతాకోకచిలుక వచ్చును. రెక్కలు ముడుతలు విడి ఆరువఱకు దానిని తాకరాదు.